మారెమ్మ కాదని చెప్పాను

కుందుర్పి దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా ఉన్నప్పటి సంగతి. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె, ఆమె భర్త తమ వేరుశనగ చేనులో నీటికుంట తవ్వుతుంటే చిన్న ముంత ఒకటి బయటపడింది. అందులో నాలుగు వెండి నాణేలు. ఆమె వాటిని చింతపండుతో తోమి, కొంగున ముడేసుకుని స్టాఫ్ రూముకు తెచ్చింది.

"సార్, ఈ తల్లిని చూడు. చేతిలో యాపమండ పట్టుకోని కూచోనుండాది. మా మారెమ్మే కదా?"

ఒకవైపు ఆకుల దండ కట్టుకున్న మగవాడి తల. రెండోవైపు పీట మీద కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో పొడుగాటి దండం, ఇంకో చేతిలో కొమ్మ. రోమ్ వాళ్లు మన దేశంతో వ్యాపారం చేశారని ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి, ఆ నాణేన్ని చేత్తో పట్టుకోవడం అదే మొదలు. నాకు తెలిసిందంతా చెప్పేయాలనిపించింది.

"మారెమ్మ కాదమ్మా. రెండు వేల ఏండ్ల నాటి రోమ్ నాణెం ఇది. ఈ తలకాయ వాళ్ల చక్రవర్తిది. ఈయమ్మ వాళ్ల శాంతి దేవత అంటారు."

ఆమె ముఖం చిన్నబోయింది. నేను అక్కడితో ఆగలేదు. "భూమిలో దొరికింది గవర్నమెంటుకు చెందుతాది. దాచుకుంటే కేసయితాది" అన్నాను. క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పాను. ఆ రోజే ఆమెను వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు పోయుండాల్సింది. పరీక్ష పేపర్లు దిద్దాలి, సోమవారం పోదామన్నాను. ఫోను జేబులోనే ఉన్నా, ఒక్క ఫొటో తీసుకోవాలని కూడా తోచలేదు.

సోమవారం అడిగితే ఆమె తల దించుకుంది.

"మా ఇంటాయన భయపడినాడు సార్. చేను గుంజుకుంటారేమో అని. కంసాలి ఆచారితో కరిగించి మారెమ్మకు వెండి కండ్లు చేపించినాం." మళ్లీ తనే, "తప్పు చేసినామా సార్?" అంది.

తప్పు నాదమ్మా అనాల్సింది. "పోనీలే" అన్నాను. ఆ మాటలోని నిరాశ ఆమెకు తెలిసిపోయింది.

తర్వాత పురావస్తు శాఖాయన ఒకరికి చెబితే, "ఫొటో ఉందా?" అని అడిగి, లేదనేసరికి వదిలేశాడు. తల చుట్టూ ఉన్న అక్షరాలు గుర్తు చేసుకుని రాయబోయాను. మూడు కూడా రాలేదు.

అంతకుముందు మందుల చీటీ అయినా, బ్యాంకు కాగితమైనా ఆమె నాకే చూపించేది. నేను బదిలీ అయ్యేదాకా మళ్లీ ఏదీ తేలేదు.