సబ్‌ప్రిఫెక్టు గారి వరండాలో పిన్ని చీపుర్లు

మా పిన్ని మొట్టమొదటి విదేశీ బేరాన్ని నా తెలివితేటలతో ఎలా నట్టేట ముంచబోయానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, ఆనాడు నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

పిన్నిది మలేసియాలో బంటింగ్ అనే ఊరు. గ్లవ్స్ ఫ్యాక్టరీ మానేసి కొబ్బరి ఈనెల చీపుర్లు కట్టడం మొదలెట్టింది. ఫ్రాన్సులో ఓ పల్లెటూరి దుకాణదారు పది పెట్టెలు అడిగాడు. "ఇది పోతే మళ్లీ ఫ్యాక్టరీకే ఎల్లాల్రా" అంది. పోర్ట్ క్లాంగ్‌లో షిప్పింగ్ ఆఫీసులో చేరి మూడు నెలలైన మహామేధావిని కదా, పంపే పని నాకే అప్పజెప్పింది.

ఆ ఊరు మ్యాపులో ఆవగింజంత ఉంది. అక్కడికి లారీ ఏం వెళ్తుందిలే అనుకున్నాను. వెతికితే తెలిసింది, ఫ్రాన్సులో డిపార్ట్‌మెంటంటే రాష్ట్రం లాంటిదట, ఒక్కోదాన్నీ అరొండిస్మాలుగా విడగొట్టారట, మన సెలాంగర్ రాష్ట్రంలో జిల్లాల్లాగా. ఒక్కోదానికీ సబ్‌ప్రిఫెక్టు అని ఓ అధికారి, ఆయనకో ఆఫీసు. ఇంకేం కావాలి నాకు? మా తాతల కాలంలో రబ్బరు ఎస్టేటులో కూలీలెవరికి ఏ పార్సిలొచ్చినా ఆఫీసుకే వచ్చేది, గుమాస్తా పిలిచి ఇచ్చేవాడు.

"ఊరి పేరు తీసేసి జిల్లా ఆఫీసు పేరు రాసినాను పిన్నీ. ఆ దొరే పిలిచి ఇచ్చేస్తాడు."

"సదువుకున్నోడివి, నీకు తెల్దేటి" అంది పాపం.

సరుకు చేరాక ఆ ఆఫీసు ఉద్యోగిని ఫోన్ చేసింది. "మా వరండా నిండా చీపుర్లున్నాయి. ఎవరివి?"

"మీ జిల్లాలో దుకాణదారువి మేడమ్. మీ అధికారి కాస్త పిలిచి ఇస్తే..."

"మా కింద వందకు పైగా ఊళ్లున్నాయి. ఊరికో మేయరున్నాడు. పార్సిళ్లు పంచడం మా అధికారి పని కాదు."

ఊరి పేరు చెప్పి, దుకాణదారుకు కబురు పెట్టమని బతిమాలి, పిన్నికి మొహం చాటేసి నాలుగు రోజులు తిరిగాను. ఐదో రోజు దుకాణదారే ఫోన్ చేశాడు. తిట్లు తినడానికి సిద్ధపడి ఎత్తాను.

"పెట్టెలు తెచ్చుకుందామని వెళ్తే అక్కడ మేయర్ల సమావేశం. ఒకాయన చీపురు తీసి ముంగిట్లో రాలిన ఆకులు ఊడ్చి చూశాడు. అంతే, అందరూ నా మీద పడ్డారు. ఇంకో ముప్పై పెట్టెలు కావాలి."

ఆ ముప్పై పెట్టెలు కట్టడానికి పిన్ని పక్కింటి ఇద్దరిని పనిలో పెట్టుకుంది. ఆమె ముందు చెంపలేసుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరి చిరునామానీ నేను బాగుచెయ్యను.

పిన్ని ఈనెలు చీరుతూ తలెత్తింది.

"ఆ డిపార్ట్‌మెంటులో ఇలాటి జిల్లాలు ఇంకెన్ని ఉన్నాయిరా?"

"ఇంకో మూడు."

"అయితే ఆ మూడింటికీ తప్పు రాసి, అప్పుడు ఒట్టు పెట్టుకోరా."