సిద్ధయ్య దాచిన పాత సీసా

ఆత్మకూరులో సిద్ధయ్య మీద ఎవరికీ ప్రేమ లేదు. ఆయనకీ ఎవరి మీదా లేదు. అభ్రకం గనుల దొర దగ్గర ఇరవైరెండేళ్లు బట్లరుగా చేసిన మనిషి. కోపమొస్తే దొర బూటు విసిరేవాడు. తగిలిన చోట తడుముకుంటూనే సిద్ధయ్య ఆ బూటుకు పాలిష్ పట్టేవాడు. పేటలోవాళ్లు ఆయన్ని దొర ఎంగిలి తిన్నవాడన్నారు. పెద్దిళ్లవాళ్లు గడప తొక్కనివ్వలేదు. యాభై అయిదేళ్లు వచ్చేసరికి ఆ నోటి నుంచి మంచిమాట విని ఎన్నాళ్లయిందో పెళ్లాం వెంకమ్మకు కూడా గుర్తులేదు.

ఒక్క సంగతిలో మాత్రం ఆయన మాటకు తిరుగులేదు. సీసాలో ఏముందో, ఏ నాటిదో, ఎట్లా పొయ్యాలో సిద్ధయ్య చెప్పిందే ఖాయం. విందులకొచ్చిన తెల్లవాళ్లు కూడా దొరను కాకుండా ఆయన్నే అడిగేవాళ్లు.

స్వతంత్రం వచ్చిన మరుసటేడు దొర ఓడెక్కినాడు. పోతూ పోతూ రెండు సీసాలు సిద్ధయ్య చేతిలో పెట్టినాడు. రెండూ పోర్టు వైనే, ద్రాక్షసారాయిలో బ్రాందీ కలిపి ఏళ్లతరబడి నిలవేసేది. ఒకటి కేకుల్లో పోసే చవక సరుకు. రెండోది 1908 నాటిది, మూతి మీద లక్క కూడా చెదరలేదు. తన అరవయ్యో పుట్టినరోజుకని దొర దాచుకున్నాడు గానీ, ఆ ఏడు డాక్టరు ముట్టొద్దన్నాడు. సిద్ధయ్యకు తాగే అలవాటు లేదు. అయినా అన్నేళ్లు తాను కాపలా కాసిన వస్తువు. గోనెపట్టలో చుట్టి అటక మీద పడుకోబెట్టినాడు. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజులు. ఇంట్లో జైలు పెట్టుకుని కాపరం చేస్తున్నామని వెంకమ్మ తిట్టని రోజు లేదు.

1951 ఎండాకాలంలో మల్లికార్జున అనే ఆయన సిద్ధయ్య వాకిట్లోకి వచ్చి నిలబడినాడు. వరికుంటపాడు దిక్కు పెద్ద రైతు శ్రీమన్నారాయణరెడ్డికి చిన్నల్లుడు. వారంలో మామకు షష్టిపూర్తి. పట్టుపంచెలు, వెండి చెంబులు అందరూ పెడతారు. తోడల్లుడు మద్రాసు నుంచి చేతిగడియారం తెప్పించినాడు. దాన్ని తలదన్నే కానుక కావాలని మల్లికార్జున తిరగతా ఉన్నాడు.

"దొరలు పెద్ద పుట్టినరోజుకు పాత సీసా ఇస్తారంట గదరా. నీ దగ్గర ఉండాదని తెలుసు" అన్నాడు.

సిద్ధయ్య లేదన్నాడు. మల్లికార్జున కోప్పడలేదు. పోలీసు స్టేషను ఉన్న వైపు ఒకసారి తలతిప్పి చూసి, "ఇస్తే కానుక. ఇయ్యకపోతే కేసు. నీ ఇష్టం" అన్నాడు.

సిద్ధయ్య అటకెక్కినాడు. ముందు చవకదాని మీదికే చెయ్యి పోయింది. ఈ మూర్ఖులకు తేడా ఏం తెలుస్తుంది? కానీ కిందికి దిగి, ఇది పాతది అని నోటితో చెప్పాలి. ఆ మాట గొంతు దాటేట్టు లేదు. వాళ్ల మీద గౌరవం ఉండి కాదు. ఇన్నేళ్ల చాకిరీలో తనకంటూ మిగిలింది సీసా సంగతిలో తన మాట నిజమేనన్న పేరొక్కటే. ఈ నా కొడుకుల కోసం దాన్ని చెడగొట్టుకోవడమా అని కసి పుట్టింది. 1908 సీసానే దించినాడు.

సీసాను ఒక రోజంతా కదలకుండా నిలబెట్టమన్నాడు, మడ్డి అడుక్కు దిగాలి. కుదపొద్దన్నాడు, మెల్లగా వంచి అడుగున రెండు వేళ్లంత వదిలెయ్యమన్నాడు. మల్లికార్జున విని, ఆ పొయ్యడమేదో నువ్వే వచ్చి పొయ్యి, ఆఫీసర్లకు మాంసం కూడా వండాలి అన్నాడు. అది పిలుపు కాదు, హుకుం.

పండగకు రెండు రోజుల ముందే ఉదయగిరి బస్సులో సీసాను ఒళ్లో పెట్టుకుని మూడు గంటలు కూర్చున్నాడు సిద్ధయ్య.

షష్టిపూర్తి నాటి పొద్దున ఇంట్లో హోమాలు, పప్పన్నాలు అయినాయి. మధ్యాహ్నం దాటినాక మామిడితోట కొట్టంలో అసలు విందు. అయిదారుగురు మగవాళ్లు, వాళ్లలో ఒక పోలీసాయన. సిద్ధయ్య సీసాను బల్ల మీద నిలబెట్టి, మూత తాను తీసేదాకా ముట్టొద్దని చెప్పి, మాంసం దించడానికి పోయినాడు. తిరిగొచ్చేసరికి శ్రీమన్నారాయణరెడ్డి దాన్ని ఆస్పత్రి మందు సీసా మాదిరి పైకీ కిందికీ ఆడిస్తా ఉన్నాడు. ఆపేలోపే బెండు మూతను కత్తితో పొడిచి లోపలికే తోసినారు.

గ్లాసులోకి బురదనీళ్లలాగా దిగింది. శ్రీమన్నారాయణరెడ్డి ఒక గుక్క తాగి పుక్కిలించి గ్లాసులోనే ఉమ్మేసినాడు.

"ఏందిరా ఇది? నా పండగనాడు కుంటలో అడుసు తెచ్చి పోసినావా?"

తోడల్లుడు నవ్వినాడు. మల్లికార్జున మొహం నల్లబడింది. తాను చెప్పింది ఒకటి, వాడు తెచ్చింది ఒకటి అని తప్పుకున్నాడు. ఉమ్మిన గ్లాసులో మిగిలింది శ్రీమన్నారాయణరెడ్డి సిద్ధయ్య చొక్కా మీద విసిరినాడు.

సిద్ధయ్య తుడుచుకోలేదు. భుజం మీది గుడ్డ తీసి మడతలు పెట్టి, బల్ల మీదున్న శుభ్రమైన గ్లాసు మీద పరిచి, సీసా వంచినాడు. సన్నధార వడిసింది. ఆపమని ఎవరికీ తోచలేదు. ఎర్రగా, అంచున ఇటుకరంగు తేలి, గ్లాసు సగం నిండింది. దాన్ని ఎత్తి, పెద్దవాళ్ల ముందర, పెద్దవాళ్ల గ్లాసుతో, నిలబడే తాగినాడు. జీవితంలో అదే మొదటిసారి. ఎండు ఖర్జూరం, పాత పెట్టె వాసన, ఎక్కడో తాటిబెల్లం కాగిన తీపి. గొంతు నుంచి కడుపు దాకా వెచ్చగా దిగింది.

"నలభై మూడేళ్లదయ్యా ఇది. సరుకులో తప్పు లేదు. తాగే నోటికే యోగ్యత లేదు" అన్నాడు.

చెప్పు దెబ్బలు ఎన్ని పడినాయో ఆయన ఎవరికీ చెప్పలేదు. తాగిన వాసన వస్తుందని ఆ పోలీసాయనే పట్టుకుపోయినాడు. విందు తిన్నవాళ్ల పేర్లు కాగితాల్లో ఎక్కలేదు. సిద్ధయ్యకు ఆరు వారాలు పడింది.

జైలు నుంచి వచ్చిన మొగుణ్ణి వెంకమ్మ నెల రోజులు సాధించింది. చవకది ఇచ్చి ఊరుకుని ఉంటే సరిపోయేది గదా అని ఆమె ఏడుపు. సిద్ధయ్య బస్సులు ఆగే చోట టీ అంగడి పెట్టినాడు. అరువు అడిగినా, నవ్వుతూ పలకరించినా కసురుకునేవాడు. టీ బాగుంటుందని జనం తిట్లు తింటూనే వచ్చేవాళ్లు.

నాలుగేళ్లకు మల్లికార్జున ఎవరో ఆఫీసరును వెంటేసుకుని బల్ల మీద కూర్చుని, రెండు స్పెషల్ టీలు చెప్పినాడు, ఏమీ జరగనట్టే. సిద్ధయ్య కాగుతున్న గిన్నె దించి, పాలన్నీ పొయ్యిలో కుమ్మరించినాడు. బూడిద లేచి ఆఫీసరు తెల్లచొక్కా మీద పడింది.

"టీ అయిపోయింది. లేవండి" అన్నాడు.

ఆ పూట వేరే గిరాకీ కూడా పోయింది.