మూడు అద్దాలు, నాలుగు పేజీలు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదేమో. గడిచినవి నాలుగైదేళ్లే. కానీ ఒకే ఎండాకాలంలో ఒకే కారుకు మూడుసార్లు ముందు అద్దం మార్పించినవాడికి ఆ ఒక్క ఎండాకాలమే పాతికేళ్లంత బరువుగా ఉంటుంది. ఆ బరువు చూసైనా ఈ మాట నన్ను వాడుకోనివ్వండి. ఆ రోజుల్లో నేను యూనివర్సిటీలో చరిత్ర చెప్పే ఒక మేడమ్ దగ్గర డ్రైవర్‌ని. మాది జనగామ అవతల చిన్న ఊరు. ఇంటర్ తప్పి (రెండు సబ్జెక్టులే, అందులో ఒకటి మూడు మార్కుల్లో పోయింది) హైదరాబాద్ వచ్చి స్టీరింగ్ పట్టుకున్నాను. మేడమ్‌ది బందరు వైపు. పొద్దున్నే హబ్సిగూడలో ఎక్కించుకుని, తార్నాక మీదుగా క్యాంపస్‌లో దింపితే మళ్లీ మూడింటి దాకా నాకు పని లేదు. మిగతా డ్రైవర్లు ఫోన్లు చూసుకుంటూ నిద్రపోయేవారు. నేను మాత్రం మేడమ్ వెనక సీట్లో మరిచిపోయిన పుస్తకాలు చదివేవాణ్ణి. ఒకరోజు ఆవిడ అది చూసి, "చదివేదేదో బల్ల ముందు కూర్చుని చదువు అబ్బాయ్, అలా వంగి చదివితే మెడ పట్టేస్తుంది" అన్నారు. అని ఊరుకోకుండా ఏదో ఫారం మీద సంతకం పెట్టి, యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని చదువుకునే పాసు ఇప్పించారు.

ఆ పాసు మీద నా ఫోటో ఉండేది, గొంతు దాకా గుండీలు పెట్టుకుని. లైసెన్సు కారు అరలో పడి ఉండేది గానీ పాసు మాత్రం చొక్కా జేబులో, గుండె మీద ఉండేది. ప్రతి జూన్‌లోనూ మేడమ్ సంతకంతో దాన్ని కొత్తగా రాయించుకోవాలి. ఆవిడ కారు నేను నడపకపోతే నాకు ఆ సంతకమూ లేదు, కిటికీ పక్కన ఫ్యాను కింది ఆ కుర్చీ కూడా లేదు. ఆ తర్వాత నేను చేసిన పనులన్నిటికీ కారణం ఆ కుర్చీ. అది గుర్తుపెట్టుకుని నన్ను కాస్త దయతో చూడండి.

కారు కొత్తది. కొత్తదంటే మామూలు కొత్తది కాదు. లోపలి అద్దం వెనక చిన్న కెమెరా ఉండి రోడ్డును చూస్తూ ఉండేది. గీత దాటితే కూత, ముందు బండికి దగ్గరైతే కూత, నేను ఆవలిస్తే కూడా కూసేదని నా అనుమానం. తార్నాక సిగ్నల్ దగ్గర చుట్టూ స్కూటర్లు కమ్ముకున్నప్పుడు అది ఏకధాటిగా ఏడిచేది. మేడమ్ మాత్రం దాన్ని పట్టించుకునేవారు కాదు. బండి కదిలే ముందు రోజూ కళ్లు మూసుకుని ఒక చిన్న ప్రార్థన చేసేవారు. "ప్రభువా, ఈ దారిలో మాకు తోడుగా ఉండు, ఎదురొచ్చేవాళ్లకీ తోడుగా ఉండు." నేను "ఆమెన్" అని గేరు వేసేవాణ్ణి. (మా ఇంట్లో సమ్మక్కకు మొక్కుతాం. అయినా గేరుకూ ఆమెన్‌కూ నాకు జత కుదిరిపోయింది.)

మార్చి చివరికల్లా ఎండ ముదిరింది. పార్కింగ్‌లో ఉన్న ఒక్క వేపచెట్టు నీడ కారు తోక దాకే వచ్చేది, మూడింటికి మేడమ్ వచ్చి కూర్చునేసరికి సీటు కాలుతూ ఉండేది. "అబ్బా, పెనం మీద కూర్చున్నట్టుందయ్యా" అనేవారు. సరిగ్గా అప్పుడే లైబ్రరీలో తెలుగు మీడియం భౌతికశాస్త్రం పుస్తకంలో 'ఉష్ణం' అనే అధ్యాయం నా చేతికి చిక్కింది. తడి ఆరుతున్నప్పుడు వేడిని తీసుకుపోతుందనీ, కుండలో నీళ్లు చల్లబడేది అందుకేననీ అందులో ఉంది. నాకు ఒళ్లు పులకరించింది. మా అమ్మ కుండకు గోనెగుడ్డ చుట్టేది, ఆమె ఏ పుస్తకమూ చదవలేదు. చదివిన నేను కారుకు చుట్టలేనా? చదువుతున్న పేజీలో బస్సు టికెట్టు పెట్టి లేచిపోయాను. గేటు దగ్గర చెరకురసం బండివాడి నుంచి ఒక గోనెపట్టా, ఐసుగడ్డ కరిగిన నీళ్లు ఒక బకెట్టు తెచ్చాను. కాలుతున్న ముందు అద్దం మీద పట్టా పరిచి, నీళ్లు గుమ్మరించాను. ఇక రోజూ ఇదే పని. పట్టా జారి జారి కింద వైపర్ల దగ్గర కుప్పగా పడేది. ఐసు ముక్కలు కూడా అక్కడే చేరేవి. మేడమ్ వచ్చే పది నిమిషాల ముందు అంతా తీసి తుడిచేసేవాణ్ణి. చెప్పి చేస్తే గొప్పేముంది? ఆవిడే కనిపెట్టి అడగాలి, నేను బాష్పీభవనం అనాలి. అదీ నా ఆశ. ఆవిడేమో, "ఈ వేపచెట్టు నీడ ఎంత చల్లగా ఉందో చూడు" అని చెట్టును మెచ్చుకుని ఊరుకున్నారు.

పార్కింగ్ దగ్గర ఉండే వాచ్‌మన్ కాక మాత్రం, "ఏందిర అయ్యా, దినాం కారుకు తానం పోస్తున్నవ్? పెండ్లి చేస్తవా ఏంది?" అన్నాడు.

"నీకు తెల్వదు కాకా. ఇది సైన్స్," అన్నాను.

రెండు వారాలకు అద్దం కింది అంచున వెంట్రుకంత గీత కనిపించింది. సాయంత్రం హబ్సిగూడలో స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగేసరికి అది సగం అద్దం పాకింది. ఉప్పల్ వైపు వెళ్లే కంకర లారీల పనే అని తేల్చాను. ఆలోచిస్తే 'టప్' అన్న చప్పుడు కూడా గుర్తుకొచ్చింది. (ఇప్పుడు ఆలోచిస్తే ఏ చప్పుడూ గుర్తుకు రాదు.) షోరూమ్‌లో కొత్త అద్దం వేశారు. వేసి వదల్లేదు. కెమెరాకు మళ్లీ రోడ్డు చూడటం నేర్పాలట. దానికి ఒక పూట. ఆ పూటంతా నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, గోడ మీది పోస్టర్‌లో కారు పక్కన నవ్వుతున్న కుటుంబాన్ని చూస్తూ గడిపాను. మరునాడు మేడమ్ ప్రార్థనలో ఒక మాట పెరిగింది. "ముందు అద్దాన్ని కూడా కాపాడు ప్రభువా."

ప్రభువు ఎంతకని కాపాడతాడు, మధ్యాహ్నం పన్నెండింటికి నేను బకెట్టుతో బయలుదేరుతుంటే? ఏప్రిల్‌లో రెండో అద్దం పోయింది. ఈసారి దోషి నాకు కళ్లెదుటే కనిపించాడు. పార్కింగ్ పక్క ఖాళీ స్థలంలో హాస్టల్ పిల్లలు క్రికెట్ ఆడేవారు. వెళ్లి నిలదీశాను. వాళ్ల కెప్టెన్, పొడుగాటివాడు, బంతి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అన్నా, టెన్నిస్ బాలన్నా ఇది. దీనికి మా వికెట్టే పడ్తలేదు, నీ అద్దం పగుల్తదా?"

"ద్రవ్యవేగం అని ఒకటుంటది తమ్మీ. బాల్ ఎంత మెత్తగున్నా స్పీడ్ ఎక్కువుంటే అంతే."

"మా బౌలర్‌కు గంత స్పీడెక్కడిదన్నా! నడుసుకుంట వచ్చి ఏస్తడు."

అందరూ నవ్వారు. నాకు మండింది. మేడమ్ వార్డెన్‌కు ఒక ముక్క రాద్దామనగానే, "నేను రాస్త మేడం" అన్నాను. రెండు పేజీలు రాశాను. 'విద్యార్థిలోకపు ఉచ్ఛృంఖల క్రీడావిలాసం' అనే మాట అందులో ఉంది. మేడమ్ అది చదివి కళ్లజోడు తీసి తుడుచుకుని, సంతకం పెట్టారు. వారం తిరక్కుండా ఆ స్థలానికి గొలుసు, తాళం పడ్డాయి. పిల్లలు గోడ మీద కూర్చుని నన్ను చూస్తూ ఉండేవారు. మళ్లీ షోరూమ్, మళ్లీ అదే ప్లాస్టిక్ కుర్చీ, పోస్టర్‌లో ఆ కుటుంబం ఇంకా నవ్వుతూనే ఉంది.

మే మొదట్లో మూడో అద్దం. స్థలానికి తాళం ఉంది, ఆ వారం లారీ వెనక నేను వెళ్లిందే లేదు. అయినా గీత వచ్చింది, ఈసారి కెమెరా దాకా పాకింది. ఆ గీతను చూసి రోడ్డు మీది గీత అనుకుందో ఏమో, కారు ఇంటి దాకా కూస్తూనే వచ్చింది. మేడమ్ కోప్పడి ఉంటే బాగుండేది. అలసటగా తల వెనక్కి వాల్చి, "ఇక నావల్ల కాదు అబ్బాయ్. జూన్‌లో దీన్ని అమ్మేస్తాను. మెట్రో ఉందిగా, హాయిగా ఎక్కి దిగుతాను" అన్నారు. నా చెయ్యి దానంతటదే జేబు మీదికి, పాసు మీదికి పోయింది.

ఈసారి షోరూమ్‌లో అద్దం రావడానికి నెల పడుతుందన్నారు. వాచ్‌మన్ కాక చెబితే ముషీరాబాద్ వెళ్లాను. అక్కడ సందులో అద్దాలు వేసే ఒక చాచా ఉన్నాడు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, గీత మీద వేలితో కింది నుంచి పైకి రాసి, బీడీ తీసి పక్కన పెట్టాడు.

"ఏంది తమ్మీ, దీనికి ఏం తగిలిందంటవ్?"

"రాయి చాచా. లేకుంటే బాల్."

"రాయి తగిలితే నిషాన్ ఉండాలె కదా. గింత గుంతన్న ఉండాలె. యాడుంది చూపియ్?"

లేదు. నేను వంగి చూశాను, తల తిప్పి చూశాను. ఎక్కడా లేదు.

"ఇది కింద అంచు నుంచి షురూ అయ్యింది. వైపర్ల కాడ. గరం అద్దం మీద ఠండా నీళ్లు పోసినవా ఏంది?"

"చల్లటి నీళ్లు పోస్తే మంచిదే చాచా. బాష్పీభవనం..."

"గదేందో నాకు తెల్వదు. మా ఇంట్ల వేడి వేడి చాయ్ గ్లాసు కడిగేటందుకు చల్లనీళ్లల్ల పెడితే మా బేగం నన్ను కొడ్తది. నీ ఇంట్ల ఎవరు కొట్టరా?"

మరునాడు లైబ్రరీకి పరుగెత్తి అదే పుస్తకం తీశాను. నా బస్సు టికెట్టు పెట్టినచోటే ఉంది. అక్కడి నుంచి తిప్పాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో పేజీలో, బొమ్మతో సహా ఉంది: గాజు ఒకచోట వేడిగా, ఒకచోట చల్లగా ఉంటే చల్లబడినచోట ముడుచుకుని పగులుతుంది. పక్కన పెన్సిల్‌తో ఎవరో 'ముఖ్యం' అని రాసి పెట్టారు కూడా. నాకన్నా ముందు చదివినవాడు ఆ పేజీ దాకా వెళ్లాడన్నమాట. కిటికీ పక్క కుర్చీలో, ఫ్యాను కింద కూర్చుని నాకు చెమటలు పట్టాయి.

నిజం చెబుతున్నాను, చెప్పకుండా ఉండిపోదామనే అనుకున్నాను. బకెట్టు మానేస్తే చాలు, అద్దాలు పగలవు. నాలుగు వారాలు పగలకపోతే మేడమ్ కారు అమ్మరు. పాసు ఉంటుంది. లెక్క ఎంత చక్కగా కుదిరిందో! కానీ వారానికి చాచా అద్దం తెప్పించి వేశాక, ఆ మరునాడు మేడమ్ ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, మా దారిలో తోడుగా ఉండు. ఈ అద్దాలు పగలగొట్టిన ఆ బిడ్డలెవరో వాళ్లను క్షమించు. వాళ్లకు మంచి బుద్ధినివ్వు, మంచి మార్కులివ్వు."

నేను ఆమెన్ అనాలి. అనలేకపోయాను. గేరు కూడా పడలేదు. లోపలి అద్దంలో చూస్తే మేడమ్ ఒక కన్ను తెరిచారు.

"ఏమయ్యా, బండి కదలదేం?"

"ఆ బిడ్డ నేనే మేడం," అన్నాను.

మొత్తం చెప్పాను. గోనెపట్టా, ఐసునీళ్లు, బాష్పీభవనం. (ఆ మాట చివరికి ఆవిడ ముందు అనగలిగాను, కానీ నేను అనుకున్న సందర్భం ఇది కాదు.) పుస్తకం కూడా చూపించాను, ఆ పేజీ మళ్లీ చదువుకోవాలని లైబ్రరీలో బతిమాలి తెచ్చి కారులో పెట్టుకున్నాను. ఆవిడ టికెట్టు ఉన్న పేజీ చూశారు, నాలుగు పేజీలు తిప్పారు, పెన్సిల్ రాత చూశారు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. ఎప్పుడూ కూసే కారు ఆశ్చర్యంగా కూయలేదు.

"మరి వేపచెట్టు చల్లదనం?"

"అది నేనే మేడం."

"నాలుగు పేజీలయ్యా! నాలుగంటే నాలుగు పేజీలు ఓపిక పట్టలేకపోయావా?" అని, నవ్వో నిట్టూర్పో తెలియని చప్పుడు ఒకటి చేసి, "పద. ముందు వార్డెన్‌కి ఇంకో ఉత్తరం రాయి. ఈసారి అర్థమయ్యే తెలుగులో రాయి. దాన్ని ఆ పిల్లల ముందు నువ్వే చదవాలి" అన్నారు.

చదివాను. నాలుగే వాక్యాలు. పొడుగాటి కెప్టెన్ చివరిదాకా విని, "అన్నా, ఇందుల ద్రవ్యవేగం లేదేంది?" అన్నాడు. తాళం తీసిన రోజు నన్ను సరిగ్గా కారు ముందు ఫీల్డింగ్‌కు నిలబెట్టారు. మూడు క్యాచులు వదిలేశాను, కానీ అద్దానికి ఒక్కటీ తగలనివ్వలేదు.

మేడమ్ కారు అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు. జూన్‌లో ఫారం మీద సంతకం పెట్టే ముందు పెన్ను ఆపారు. "ఒక షరతు. ఏ పుస్తకం చదివినా దాని చివరి అధ్యాయం నాకు కారులో చెప్పాలి. మొదటి అధ్యాయాలు వద్దు, అవి నీకు బాగానే వచ్చు." అలా ఆవిడ రిటైరై బందరు వెళ్లిపోయేదాకా, తార్నాక నుంచి హబ్సిగూడ దాకా సాయంత్రాలు నేను పుస్తకాల ఆఖరి అధ్యాయాలు చెబుతూ బండి నడిపాను. సిగ్నల్ పడితే ఇద్దరికీ సంతోషమే.

ఇప్పుడు నాకు సొంత కారు ఉంది, క్యాబ్ నడుపుతున్నాను. పోయిన వారం హబ్సిగూడ దగ్గర కంకర లారీ నుంచి రాయి ఎగిరి ముందు అద్దానికి తగిలింది. ఈసారి నిజంగానే 'టప్' మంది. ముషీరాబాద్ వెళ్తే చాచా గడ్డం తెల్లబడి ఉంది, నన్ను మాత్రం మరిచిపోలేదు. "ఈసారి ఏం కితాబ్ సదివినవ్ తమ్మీ?" అని నవ్వాడు. నేను గుంత చూపించాను. ఆయన దాని మీద వేలు పెట్టి, "హా, రాయే. గీసారి నీ తప్పేం లేదు, పో," అన్నాడు. ఎందుకో నాకు కొంచెం చిన్నబోయినట్టు అనిపించింది.

అద్దం అతికి గట్టిపడేదాకా కూర్చోమన్నాడు. సీటు మీద సగంలో మెట్రో టికెట్టు పెట్టిన పుస్తకం ఉంది. తీసి, లేవకుండా, చివరి పేజీ దాకా చదివాను. తిరిగి వచ్చేటప్పుడు వెనక సీటు ఖాళీ. తార్నాక సిగ్నల్ పడింది. ఆ చివరి అధ్యాయాన్ని కొత్త అద్దానికి చెప్పడం మొదలుపెట్టాను. పక్క స్కూటర్ మీది మనిషి నన్ను వింతగా చూశాడు. ఫోన్లో మాట్లాడుతున్నాననుకుని తల తిప్పుకున్నాడు. సిగ్నల్ ఎప్పుడు పచ్చబడిందో గమనించలేదు. వెనక హారన్లు మోగాకే "ఆమెన్" అని గేరు వేశాను.