ప్రార్థనకొక చెంబు నీళ్లు

కొండలకు వానను, వానకు గడ్డిని, గడ్డికి పరిమళాన్ని ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఆయన ఇచ్చినందుకూ స్తోత్రం, తీసుకున్నందుకూ స్తోత్రం. ఈ రెండో స్తోత్రం నోట రావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నా చిన్నప్పుడు మేము అనంతగిరి కొండవాలులో, పాతిక గడపల ఊళ్లో ఉండేవాళ్లం. మా అమ్మమ్మ ఏటా వానాకాలంలో నిమ్మగడ్డి కోసి నూనె తీసేది. పెద్ద మట్టికుండలో నీళ్లు పోసి, తరిగిన గడ్డి నింపి, ఆవిరి బయటికి పోకుండా మూత చుట్టూ చోడిపిండి, అంటే రాగిపిండి, ముద్ద మెత్తేది. మూతలోంచి ఒక వెదురు గొట్టం వాలుగా దిగి సీసాలోకి వచ్చేది. గొట్టానికి చుట్టిన గోనెగుడ్డ ఎప్పుడూ చల్లగా ఉండాలి. అప్పుడే లోపలి ఆవిరి నీరై చుక్కలుగా దిగుతుంది, ఆ నీటి మీద నూనె తేలుతుంది. మా ఇంట్లో గడియారం లేదు. ప్రభువు నేర్పిన ప్రార్థన ఒకసారి నిదానంగా చెప్పి ముగించగానే గోనెగుడ్డ మీద ఒక చెంబు నీళ్లు పోయాలి. అదే అమ్మమ్మ లెక్క. దేవుని చిత్తం జరగాలనే మాట దగ్గర ఆమె ప్రతిసారీ కాసేపు ఆగేది. ఎందుకో నాకు తెలిసేది కాదు.

ఒక ఏడు అమ్మకు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు మమ్మల్ని గుర్తుపట్టడం మానేసింది. ఆసుపత్రికి మోసుకుపోవడానికి డోలీ కట్టి ఉంచారు గాని, దారిలోని కొండవాగు, మా గెడ్డ, పొంగి ఎవరినీ దాటనివ్వడం లేదు. నాన్న పొద్దుటి నుంచి గెడ్డ ఒడ్డుకు వెళ్లడం, తడిసి తిరిగి రావడం, మళ్లీ వెళ్లడం. పాస్టరుగారు అవతలి ఒడ్డునే చిక్కుకుపోయారు.

పక్కింటి పిన్ని మా గడపలో నిలబడి, "నిమ్మగడ్డి నూనె ఒంటికి రాత్తే సెమట పట్టి జొరం దిగిపోద్దంట" అంది.

అమ్మమ్మ అది విని లేచి కుండ కడిగింది. అన్నీ అమర్చి నన్ను పిలిచింది.

"ఏటే గుంటా, గోడకి బల్లిలాగ అంటుకుపోయావు? ఇలా రా. నీళ్లు నువ్వే పొయ్యాల."

ఆమె అమ్మ పక్కన కూర్చోవడానికి లోపలికి వెళ్లింది. పొయ్యి దగ్గర నేనొక్కదాన్నే. చుక్క పడేది. చాలాసేపటికి ఇంకొకటి పడేది. లోపల అమ్మ మూలుగుతోంది. ప్రార్థన త్వరగా ముగిస్తే నూనె త్వరగా వస్తుందనుకున్నాను. మాటలు మింగేస్తూ, అమ్మమ్మ ఆగే చోట కూడా ఆగకుండా, ఒకదాని మీద ఒకటి చెప్పేశాను. అదీ చాలక పొయ్యిలోకి కట్టెలు ఎగదోశాను.

పిండి అతుకు పగిలి ఆవిరి బుస్సున లేచింది. కుండ బీటవారి నీళ్లు పొయ్యిలోకి కారాయి. ఇల్లంతా నిమ్మగడ్డి వాసన. సీసాలో మాత్రం సగానికి నీళ్లు, పైన కంటికి ఆనీ ఆనని నూనె పొర.

అమ్మమ్మ వచ్చి చూసింది. "ఏటి సేసినావే?"

"బేగి వత్తాదనుకున్నాను."

"బేగి సెప్తే దేవుడు బేగి ఇంటాడేటే, పిచ్చి గుంటా." ఆమె గొంతులో కోపం లేదు.

"నూనె లేదు గదా. అమ్మ సచ్చిపోద్దా?"

ఆమె నా పక్కన చతికిలబడింది. "ఆ నూనె బతికిత్తాదని నేను నీకు సెప్పానా? ఏటి సెయ్యాలో నాకూ తెల్దే. సేతులు ఊరుకోవు గదా, అందుకే కుండెక్కించాను. నీ సేతులకీ పనుండాలని నిన్ను కూకోబెట్టాను."

పెద్దవాళ్లు తమకు తెలియదని చెప్పగా వినడం నాకు అదే మొదటిసారి. ఆమె ఆ సీసా నా చేతిలో పెట్టి నన్ను లోపలికి తీసుకుపోయింది. పాత చీర ముక్క ఆ నీళ్లలో తడిపి నేను అమ్మ నుదురు, మెడ తుడిచాను. అమ్మ కళ్లు తెరవలేదు. ఒక్కసారి మాత్రం ఊపిరి లోతుగా పీల్చుకుంది. అమ్మమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. దేవుని చిత్తం అనే ఆ మాట దగ్గర ఆగింది. ఈసారి నేనూ ఆగాను.

మర్నాడు మధ్యాహ్నం గెడ్డ తగ్గింది. అప్పటికే అమ్మ పోయింది. డోలీతో పని లేకపోయింది.

తనకూ తెలియదని అమ్మమ్మ ఆ రోజు అనకపోతే, పగిలిన కుండే అమ్మను చంపిందని జీవితమంతా కుమిలిపోయేదాన్ని. తన చేతకానితనం నా ముందు ఒప్పుకుని అమ్మమ్మ నన్ను దాని నుంచి తప్పించింది. ఇప్పుడు నా జుట్టు నెరిసింది. సంఘంలో ఎవరు మంచాన పడినా చిన్న సీసాతో నిమ్మగడ్డి నీళ్లు పట్టుకుని వెళ్తాను. బాగైపోతుందని మాట ఇవ్వను. అది నా చేతిలో లేదు. నుదురు తుడిచి, పక్కన కూర్చుంటాను.

ఈ వారం మా ఊళ్లో ఒక పసిబిడ్డ తల్లి జ్వరంతో ఉంది. ఆమె కోసం నాతో కలిసి ప్రార్థన చెయ్యండి. తొందరపడకండి. ఆ మాట వచ్చినప్పుడు, నాతో పాటు కాసేపు ఆగండి.