చూసొద్దాం పెద్దమ్మ

లోకంలో అమ్మకానికి పెట్టిన ప్రతి వస్తువునూ పెద్దమ్మ వెళ్లి చూడాల్సిందే. కొనడం మాత్రం ఆమె ఒంటికి పడదు. ఇల్లయినా, కారయినా, కుట్టుమిషనయినా ఆమెకు ఒకటే. గోడ మీద "అమ్మబడును" అన్న కాగితం కనిపిస్తే చాలు, చెప్పుల్లో కాళ్లు పెట్టేస్తుంది. "కొనేదేముంది, ఊరికే చూసొద్దాం పద!" అంటుంది. ఆ మాట అని అని, బంధువుల్లో ఆమె అసలు పేరు ఎప్పుడో చెరిగిపోయింది. చూసొద్దాం పెద్దమ్మ అంటేనే ఎవరైనా గుర్తుపడతారు.

చూడటమంటే ఏదో పైపైన చూడటం కాదు. ఫ్రిజ్ తలుపు మూశాక లోపల లైటు నిజంగా ఆరుతుందా లేదా తేలాలని అరలన్నీ తీయించి, తల లోపల పెట్టి, తలుపు వేయమంది. దుకాణంవాడు దణ్ణం పెట్టాడు. మరోసారి మంచాల దుకాణంలో పరుపు ఎలా ఉందో చూస్తానని పడుకుని గుర్రుపెట్టింది. పాపం వాళ్లే దుప్పటి కప్పారు. గంట తర్వాత లేచి ఒళ్లు విరుచుకుని, "అంతా బాగానే ఉంది గాని, మెడ దగ్గర కాస్త ఎత్తు చాల్లేదు నాయనా" అని చెప్పి ఇంటికొచ్చేసింది.

ఈ పెద్దమ్మతో బయటికెళ్లాలంటే కోడలికి ప్రాణసంకటం. పెద్దమ్మ చెల్లెలి కొడుకును పెళ్లి చేసుకుని వచ్చిన అమ్మాయి ఆమె. కళ్లద్దాల దుకాణంలో పని. నలభై ఫ్రేములు పెట్టుకుని అద్దంలో చూసుకుని, అన్నింటి ధరలూ అడిగి, "ఆలోచించుకుని వస్తామండీ" అని జారుకునేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. అలాంటివాళ్లకు మహారాణి తన అత్తింట్లోనే ఉందని తెలిశాక పాపం ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ ఏడు మాంద్యం వచ్చి పడింది. కోడలు పనికి వెళ్లే వీధిలో ఒక్కో షట్టరూ కిందికి దిగింది. తెరిచి ఉన్నవాటికి "భారీ తగ్గింపు" బోర్డులు వేలాడాయి. అదే సమయంలో ఇంట్లో కొత్త యుద్ధం మొదలైంది. మొగుడూ పెళ్లాలిద్దరూ రూపాయి రూపాయి కూడబెట్టిన సొమ్ము బ్యాంకులో కొంత ఉంది. అబ్బాయికి కారు కావాలి. కోడలికి ఫ్లాటు కావాలి. సొమ్ము ఒక్కదానికే, అదీ అడ్వాన్సుకే సరిపోతుంది. మిగతాదంతా అప్పు.

"కార్ల ధరలు ఇంతలా దిగడం నేనెప్పుడూ చూళ్లేదు. ఇప్పుడు కాకపోతే జన్మలో కొనలేం!" అనేవాడు అబ్బాయి, కంచం ముందు కూర్చోగానే.

"ఫ్లాట్ల ధరలూ దిగాయండీ. కారు షోరూమ్ గేటు దాటగానే సగం విలువ గాల్లో కలుస్తుంది. ఇల్లు ఎక్కడికీ పోదు."

"అవును, ఇల్లు పోదు. వాయిదాలు కట్టుకుంటూ ఇరవై ఏళ్లు మనమూ ఎక్కడికీ పోలేం!"

"మరి నెలనెలా పోసే అద్దె ఎటు పోతోంది? మనం కట్టిన డబ్బుతో ఓనరు మూడో అంతస్తు లేపాడు. దానికి మన పేరు పెట్టాడా?"

"ఫ్లాటు కొంటే ఆఫీసుకి రెండు బస్సులు మారాలి నేను!"

"కారు కొంటే దాన్నెక్కడ పెడతారు? మంచం కిందా?"

వీళ్ల గొంతులు కింది వాటా దాకా వినపడేవి. కొన్నాళ్లకు కింది వాటా ఆయన కారు పక్షం చేరాడు, ఆయన భార్య ఫ్లాటు పక్షం చేరింది. పాలు పోసే ఆయన మెట్ల మీద నిలబడి, "ఇంతకీ ఏది తేలిందండీ?" అని రోజూ అడిగేవాడు. ఆఖరికి ఇద్దరూ అలిసిపోయి, పెద్దరికానికి పెద్దమ్మను పిలిచారు.

పెద్దమ్మ రెండు వైపులా వాదన శ్రద్ధగా విన్నది. ఆమె కళ్లు దీపాల్లా వెలిగాయి.

"ఒకేసారి కారూ ఇల్లూనా! ఒరేయ్, ఎంత మంచి కబురు చెప్పావురా! లేవండి లేవండి, చూసొద్దాం!"

షోరూమ్‌లో అడుగుపెట్టేసరికి కోడలు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుంది, వెనక సీట్లో పడుకుంది, డిక్కీలోకి ఎక్కి కాళ్లు ముడుచుకుని, "ఇక్కడ ఒక మనిషి హాయిగా పడతాడు, రాసుకో" అంది. హారన్ కొట్టి, రోడ్డు మీదికెళ్లి నిలబడి, అబ్బాయి చేత మళ్లీ కొట్టించి, "గేదె గొంతులా ఉంది, మార్చడం కుదురుతుందా?" అని అడిగింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు పనిచేసిన గొంతు అది, షోరూమ్ ఆ చివర దాకా ఖణేల్మంది. విచిత్రం ఏమిటంటే, షోరూమ్ అమ్మాయి విసుక్కోలేదు. "పెద్దమ్మగారూ, టీ తెస్తానుండండి" అంటూ పరుగెత్తింది. ఎన్నిసార్లు వచ్చి ఎన్నిసార్లు కొనకుండా వెళ్లిందో తెలిసీ ఆ మర్యాదేమిటో కోడలికి అర్థం కాలేదు.

ఫ్లాటు దగ్గర ఇంకా గొప్పగా జరిగింది. పక్కింటి మాటలు వినిపిస్తాయేమోనని, చూపించడానికొచ్చిన మేనేజరును పక్క ఫ్లాట్లోకి పంపి పాట పాడమంది. ఆయన మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత ఉత్సాహం పుట్టి రెండు చరణాలు అందుకున్నాడు. గోడకు చెవి ఆనించిన పెద్దమ్మ, "గోడ పల్చనిదే గాని, గొంతు మంచిది" అని తీర్పిచ్చింది.

ఇంత చూశాక ఏది కొనాలో చెప్పిందా అంటే, అదీ లేదు. "తొందరేముందిరా? ఇంకోసారి చూసొద్దాం" అంది. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. చూసినకొద్దీ అబ్బాయికి కారు మీద, కోడలికి ఫ్లాటు మీద పిచ్చి ముదిరింది. చివరికి ఒక సోమవారం కోడలు గుండె గట్టి చేసుకుంది. ఎవరికీ చెప్పకుండా ఫ్లాటుకి అడ్వాన్సు కట్టేయాలని, దుకాణంలో సెలవు పెట్టి బ్యాంకుకు వెళ్లింది.

"ఇప్పుడే కదమ్మా మీవారు వచ్చి మొత్తం తీసుకెళ్లారు?" అన్నాడు కౌంటరులో గుమాస్తా.

ఆ మనిషి ఎక్కడికి వెళ్లి ఉంటాడో కోడలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పరుగున వెళ్లి బస్సెక్కింది. సిగ్నల్ దగ్గర బస్సు ఆగితే దిగి మళ్లీ పరుగెత్తింది. రొప్పుతూ షోరూమ్ తలుపు తోసింది.

లోపల తిరనాళ్లలా ఉంది! ఎప్పుడూ ఖాళీగా ఉండే ఆ హాల్లో ప్రతి కారు చుట్టూ మనుషులే. తీరా చూస్తే అందరూ పెద్దమ్మ వయసు ఆడవాళ్లు. ఒకావిడ టైరును వేలితో నొక్కి చూస్తోంది. ఇంకొకావిడ స్టీరింగు పట్టుకుని, దారిలో ఎవరో అడ్డొచ్చినట్టు తిడుతోంది. మధ్యలో నిలబడి పెద్దమ్మ చేతులూపుతూ అందరినీ నడిపిస్తోంది.

"అత్తయ్యా! ఏమిటిదంతా? ఆయన వచ్చారా?"

"రాలేదే! మంచి సమయానికొచ్చావు అమ్మాయ్. ఆ ఎర్ర కారు ఖాళీగా ఉంది, వెళ్లి కూర్చో!"

"నేనెందుకు కూర్చోవాలి?"

షోరూమ్ అమ్మాయి దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పింది. "మేడమ్, ఇవాళ మా ఓనరుగారు వస్తున్నారు. మనుషులు రాని షోరూమ్ ఎందుకని మూసేద్దామనుకుంటున్నారు. మేం నలుగురం ఇంటికే ఇక. పోయిన వారం ఈ మాట పెద్దమ్మగారి దగ్గర నోరు జారాను. ఇదిగో, తనతో పనిచేసిన ఎక్స్ఛేంజి స్నేహితుల్ని అందరినీ వెంటబెట్టుకుని వచ్చేశారు."

కోడలు వెళ్లి ఎర్ర కారులో కూలబడింది. సరిగ్గా అప్పుడే అబ్బాయి లోపలికొచ్చాడు. కట్టాలా వద్దా అని ఇంతసేపూ వీధి చుట్టూ చక్కర్లు కొట్టి వచ్చాడు పాపం. చంకలో కవరు, ముఖాన చెమట. తను మనసుపడ్డ ఎర్ర కారులో పెళ్లాం కూర్చుని ఉండటం చూసి కొయ్యబారిపోయాడు.

"ఎక్కరా!" అని పెద్దమ్మ అతన్ని లోపలికి తోసి తలుపు వేసింది. "ఓనరు వచ్చేస్తున్నాడు. కొనేవాళ్లలా మాట్లాడుకోండి!"

వాళ్లకు మాట్లాడుకోమని చెప్పాలా?

"నాకు చెప్పకుండా డబ్బు తీస్తారా?"

"నువ్వు మాత్రం బ్యాంకుకు ఎందుకెళ్లావు? వడ్డీ లెక్క చూడ్డానికా?"

"ఆ ఇల్లుంటే రేపు ఏం జరిగినా మనల్ని ఎవరూ వీధిలోకి గెంటరు! మా దుకాణంలో ఇద్దర్ని తీసేశారు. తర్వాత నేనే కావచ్చు. నాకెంత భయంగా ఉందో మీకేం తెలుసు?"

"నాకు తెలీదా? పోయిన నెల నా జీతం సగం చేశారు!"

అద్దాలు దించి ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది ఇద్దరికీ. బయట టైరు నొక్కుతున్న వేలు ఆగిపోయింది.

"సగమా?" అంది కోడలు చిన్న గొంతుతో. "మరి కారెందుకండీ?"

"కొత్త జీతం కాగితం చూస్తే ఏ బ్యాంకూ అప్పివ్వదు. పాతది చెల్లుతుండగానే కొనేస్తే, రేపు ఉద్యోగం పోయినా ఈ కారు అద్దెకు తిప్పుకుని నిన్ను పోషించొచ్చు కదా అని..."

కోడలికి అతని జుట్టు పట్టుకుని కొట్టాలనిపించింది. అంతకంటే ఎక్కువగా దగ్గరికి తీసుకోవాలనిపించింది. ఇన్నాళ్లూ ఇద్దరూ ఒకే భయాన్ని చెరో పేరుతో పిలుచుకుంటూ కొట్టుకున్నారు.

వెనక తలుపు తెరుచుకుంది. ఎప్పుడొచ్చాడో గాని, నెరిసిన మీసాల మనిషి ఒకాయన వంగి లోపలికి చూశాడు. షోరూమ్ అమ్మాయి బిగుసుకుపోయింది. ఆయనే ఓనరు.

"బాబూ," అన్నాడాయన. "ఈ కారు నువ్వు కొనకు. ఇల్లూ కొనకండి. ఆ డబ్బు మళ్లీ బ్యాంకులో వేసి, గడ్డురోజులు గడిచేదాకా ముట్టుకోకండి. నా కారు గురించి నేనే ఇలా చెబుతున్నానంటే ఆలోచించు."

అబ్బాయి గబగబా తలూపాడు. ఓనరు నిటారుగా నిలబడి పెద్దమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, నేనెప్పుడొచ్చినా మీరు ఇక్కడే ఉంటున్నారు. ఇవాళ సైన్యాన్ని కూడా తెచ్చారు. ఇంతకీ మీరు ఎప్పుడు కొంటారు?"

పెద్దమ్మ ఏమాత్రం తడబడలేదు. "నాకు డ్రైవింగ్ రాదు బాబూ."

ఎవరో కిసుక్కున నవ్వారు. హాలంతా గొల్లుమంది. ఓనరు మాత్రం మీసం చాటున నవ్వు ఆపుకుంటూ, "మరెందుకమ్మా ఈ తిరుగుడు?" అన్నాడు.

"మా ఎక్స్ఛేంజి మూసేసే ముందు రోజుల్లో ఒక్క ఫోన్ కాలూ వచ్చేది కాదు బాబూ. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఊరికే కూర్చునేవాళ్లం. ఎవరైనా రాంగు నంబరు చేసినా ప్రాణం లేచొచ్చేది. ఈ పిల్లలూ అంతే, పొద్దుటి నుంచీ తలుపు వైపు చూస్తూ కూర్చుంటారు. ఎవరో ఒకరు వచ్చి, ఈ కారు ఎంత, ఆ మంచం ఎంత అని అడగాలి కదా? అడగడానికి నాకు ఖర్చేముంది?"

మంచాల దుకాణంవాళ్లు దుప్పటి ఎందుకు కప్పారో కోడలికి అప్పుడు తెలిసింది.

తర్వాత ఆ షోరూమ్ మూతపడలేదు. సగం హాలులో పాత కార్ల రిపేరు పెట్టాడు. చేతిలో డబ్బాడనప్పుడు కొత్త కార్లు కొనేవాళ్లు తగ్గుతారు గాని, పాతవి చెడిపోవడం తగ్గదు కదా. నలుగురి ఉద్యోగాలూ నిలిచాయి. అబ్బాయి సగం జీతంతో, కోడలు మొత్తం జీతంతో ఆ ఏడాది గట్టెక్కారు. డబ్బు బ్యాంకులోనే ఉంది.

అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం మాత్రం ఓనరు ఎర్ర కారు తాళాలు తీసుకుని, "రండి, నేనే దింపుతాను" అన్నాడు. ఎక్స్ఛేంజి స్నేహితులంతా ఒకేసారి తలుపుల మీద పడ్డారు. ముందు సీట్లో పెద్దమ్మ కూర్చుంది. వెనక నలుగురు ఇరుక్కున్నారు, వాళ్ల మధ్య ఎక్కడో మొగుడూ పెళ్లాలిద్దరూ. అబ్బాయి మోకాలి మీద ఒకావిడ సంచి, భుజం మీద ఇంకొకావిడ మోచేయి. ఇన్నాళ్లుగా కలలు కన్న కారులో ఊపిరి కూడా ఆడటం లేదతనికి.

కోడలు అతని చెవిలో అంది, "ఇది కొంటే వాయిదా ఎంతన్నారు?"

అతను చెప్పాడు.

"బస్సులో కూడా ఇంత ఇరుకు ఉండదండీ!" అంది కోడలు. ఇద్దరికీ నవ్వాగలేదు. ఓనరు హారన్ కొట్టాడు, కారు ఆ ఆడవాళ్ల కబుర్లతో ఊగుతూ వీధిలోకి తిరిగింది.