మబ్బులో చేతికి తగిలిన శిఖరం

కార్ల ఊరు ట్రాయ్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆమోసుగారిని అందరూ కార్ల కంపెనీ మనిషిగానే ఎరుగుదురు. ఇంకా పుట్టని కార్లకు నిలువెత్తు మట్టి నమూనాలు చెక్కడం ఆయన వృత్తి.

1998లో కంపెనీ శిక్షణకని ఇంగ్లండు పంపినప్పుడు, ఒక ఆదివారం ఆరాధన మాని, పక్కనున్న వేల్స్‌కు వెళ్లి స్నోడన్ కొండ ఎక్కారు. వెయ్యీ ఎనభై అయిదు మీటర్ల ఎత్తున మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. రాతిని తడిమితే వేళ్లకు గవ్వల అచ్చులు తగిలాయి. తాను నిలబడిన కొండను చూడకుండానే దిగివచ్చిన ఆ మనిషి, దాన్ని చూసుకోవడానికి పదకొండేళ్లు పటాలు ముందేసుకుని, కంపెనీ స్టూడియోలో మిగిలిన మట్టితో ఇంట్లో చెక్కారు.

నలభై అయిదు కోట్ల ఏళ్ల కిందట ఆ కొండ ఉన్నచోట లోతులేని సముద్రం. అగ్నిపర్వతాల బూడిద అలల కిందికి రాలి గవ్వల మీద పేరుకుంది. ఆ పొరలు దొన్నెలా కిందికి వంగాయి. చుట్టూ ఎత్తుగా లేచినవి అరిగిపోగా, దొన్నె అడుగే శిఖరమై మిగిలింది. తరువాత మంచునదులు పక్కలను తొలిచి, కత్తివాదర లాంటి గట్లనూ రాగిపచ్చ చెరువులనూ వదిలి వెళ్లాయి.

నిరుడు వేసవి బైబిలు బడికి సంఘం కమిటీ ఆ నమూనా అడిగితే సంతోషంగా ఇచ్చారు. బడి రోజున ఆయనా నేనూ వెళ్లి చూస్తే, ప్రళయం తగ్గాక ఆగిన చోటు ఇదేనన్నట్టు, శిఖరం మీద నోవహు ఓడ బొమ్మ గుచ్చి ఉంది. కరపత్రంలో ‘అరారాతు కొండ, తయారీ: ఆమోసు’ అని అచ్చయింది. మాటమాత్రమైనా ఆయనను అడగలేదు. ఆ కరపత్రమూ, తరువాత కమిటీకి నేను రాసిన ఉత్తరం నకలూ నా ఫైలులో ఉన్నాయి. జవాబు మాత్రం లేదు.

బడి నడిపే వసంతకుమారిగారు ఆమోసుగారి వైపు చూసి తేలిగ్గా నవ్వారు. “కొండ కొండే కదా బ్రదర్, పిల్లలకేం తెలుస్తుంది? కొంచెం అడ్జస్ట్ అవండి.”

ఆయన చూపు చితికిన కొస మీదే ఉంది. పక్కనే బడికి వచ్చిన ఎనిమిదేళ్ల జెమీమా, సూదిమొనతో ఆయన దిద్దిన గవ్వలను బొటనవేలితో తడుముతోంది.

“అంకుల్, ఈ షెల్స్ ఫ్లడ్‌లో వచ్చాయా?”

“లేదమ్మా. సముద్రం కొండెక్కలేదు. కొండే సముద్రం అడుగున ఉండేది.”

“మరి బోట్ పైన ఎందుకు?” అంటూ ఆ పిల్ల ఓడను పెరికి, కింది చెరువులో పెట్టింది.

వసంతకుమారిగారు కొత్త అట్టముక్కా పెన్నూ తానే తెచ్చి ఇచ్చారు. ఆమోసుగారు ‘స్నోడన్’ అని రాశారు. తరువాత చిటికెడు మట్టిని అరచేతుల మధ్య వెచ్చబెట్టి, కళ్లు మూసుకుని, నాటి మబ్బులో తడిమినట్టే తడుముతూ కొసను మళ్లీ నిలబెట్టారు.