శాంతి టీచరు వేసవి ప్రయాణం

ఆ వేసవిలో కనబడ్డ ప్రతివాళ్ళూ శాంతి టీచరుకు ప్రయాణం గురించి సలహాలు చెప్పారు. ఫిబ్రవరిలో ఆమె భర్త మార్కు చీమకుర్తి గ్రానైటు ఫ్యాక్టరీలో పని ముగించుకుని బండి మీద పొదిలి వస్తూ లారీ కింద పడి చనిపోయాడు. ఆ మాట ఎత్తడం ఎవరికీ చేతకాలేదు. ఆమె కూతుర్ని తీసుకుని హైదరాబాదు వెళ్తోందని తెలియగానే, హమ్మయ్య, మాట్లాడ్డానికి ఒకటి దొరికిందన్నట్టు అందరూ దాన్నే పట్టుకున్నారు.

"పెరుగన్నం కట్టమాక అమ్మాయ్, ఈ ఎండకి పులిసిపోద్ది. నిమ్మకాయ పులిహోర కట్టుకో," అంది పక్కింటి జైతున్‌బీ.

"ఎయిర్‌పోర్టు లోపలికి పోనివ్వరమ్మా, బయటే నిలబడాలి. మీ తమ్ముడి సామాను వచ్చేసరికి ఆలస్యమవుతుంది, కంగారుపడకండి," అన్నారు హెడ్మాస్టరు రామమూర్తి గారు.

"అలాగేనండీ," అంది శాంతి అందరితోనూ. అన్నీ అలాగే చేసింది కూడా.

మ్యూజియంలో డైనోసార్ ఎముకలు చూపిస్తానని కూతురు ఆరాధనకు మాటిచ్చింది మార్కే. శాంతి తమ్ముడు కరుణాకర్ కువైట్ నుంచి వస్తున్నాడు. కంపెనీవాళ్ళు సెలవివ్వక బావ సమాధి కార్యక్రమానికి రాలేకపోయాడు. పాపకు మ్యూజియం చూపించి, అట్నుంచటే తమ్ముణ్ణి తీసుకొద్దామని బయల్దేరింది.

మ్యూజియంలో ఏసీ చల్లగా ఉంది. పైకప్పును తాకేలా నిలబెట్టిన ఆ ఎముకల చుట్టూ ఆరాధన తిరిగి తిరిగి చూసింది. చూపిస్తానన్న నాన్న చనిపోయాడని అక్కడున్న గైడుకు కూడా చెప్పింది. అతను, అది ఒక్క జంతువుది కాదనీ, ఒకేచోట దొరికిన చాలావాటి ఎముకలు కలిపి నిలబెట్టారనీ చెప్పాడు.

"అయితే అమ్మా, వీటిల్లో వాళ్ళ నాన్నవి కూడా ఉంటాయా?"

"ఉంటాయిలే. నీళ్ళు తాగు," అంది శాంతి. ఆ మాటకు గైడు తల తిప్పుకున్నాడు. ఎందుకో ఆమెకు తట్టలేదు.

సాయంత్రం ఎయిర్‌పోర్టులో కరుణాకర్ ట్రాలీ తోసుకుంటూ వచ్చాడు. అక్కను చూడగానే ట్రాలీ వదిలేసి, ఆమె భుజం మీద తల పెట్టుకుని భోరుమన్నాడు. శాంతి అతని వీపు నిమిరింది.

"ఊరుకోరా. బండి పక్కకి లాగు, వెనక జనం ఆగిపోయారు."

"నీకు ఏడుపు రావట్లేదా అక్కా?"

"రావట్లేదురా."

బట్టలున్న పెట్టె ఒకటి రాలేదనీ, రెండ్రోజుల్లో ఇంటికి పంపిస్తామన్నారనీ చెప్పాడతను. కారు మాట్లాడుకుని బయల్దేరారు. దారిలో బావకు ఎలా జరిగిందని అడిగాడు. శాంతి మొదట్నుంచీ చెప్పింది. బడిలో పాఠం చెప్పినట్టే చెప్పింది. డ్రైవరు పాట ఆపేస్తే, "ఉండనీ బాబూ, పాప వింటోంది," అంది.

ఇంటికొచ్చాక కరుణాకర్ మొహమాటపడుతూ అడిగాడు. "అక్కా, కట్టుకోను ఏమన్నా ఉందా? ఒంటిమీదవి చెమటకి తడిసిపోయినయ్."

శాంతి బీరువా తెరిచి మార్కు లుంగీ, గళ్ళ చొక్కా తీసిచ్చింది. అతను అందుకోవడానికి తటపటాయించాడు. "పర్లేదు, ఉతికినవే," అంది.

తెల్లవారి లేచి పాలు పొయ్యి మీద పెట్టింది. డబ్బాలో చక్కెర నిండుకుంది. వీధిలోకి చూస్తే, గళ్ళ చొక్కాతో అటు తిరిగి వేపపుల్ల నములుతూ నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, ఆ కొట్టుదాకా వెళ్ళి చక్కెర..."

కరుణాకర్ వెనక్కి తిరిగాడు.

శాంతి గడప మీద కూర్చుండిపోయింది. లోపల పాలు పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "అమ్మా, పాలు!" అని ఆరాధన లోపల్నుంచి కేకేసింది. లేవాలని శాంతికి తెలుసు. చెంపలు తడిసి, మెడ దాకా తడిసి, జాకెట్టు అంచు తడిసేదాకా అలాగే కూర్చుంది.